ఇందూరు, బోధను సీమల గ్రామనామములు – లేఖ్యప్రమాణ విమర్శనము

గ్రామనామమును బట్టి గ్రామచరిత్రము నూహించు పరిపాటి తెలుగుదేశమున చిరకాలముగా నున్నది. స్థలపురాణకర్తలు మొదలుకొని జిల్లా పరిచయగ్రంథముల సంకలనకర్తల వఱకు ఈ మార్గమును త్రొక్కనివారు తక్కువ. ఊరిపేరులో ఒక దేవతాశబ్దమో రాజశబ్దమో పొడకట్టినంతనే కథ యల్లుకొనును. రెండు మూడు గ్రంథములలో అచ్చుపడినంతనే ఆ కథకు శాసనగౌరవ మబ్బును. ఇందూరు మండలమునందు ఈ దోషము మఱింత ప్రబలినది. ఏలయన, అచ్చటి పేళ్లు తెలుగున పుట్టి, ఉర్దూ లిపిలో దఫ్తరుల కెక్కి, రోమను లిపిలో అచ్చుపడి, తుదకు రైలుస్టేషను పలకలపై తిరిగి తెలుగైనవి. ఇన్ని లిపులను దాటివచ్చిన శబ్దమును, మార్గమధ్యమున నేమి పోయినదో యేమి చేరినదో చూడక, నేరుగా సంస్కృతమునకు ముడివేయుట వైయాకరణునకు తగదు. చారిత్రకునకు అంతకంటె తగదు.

ముందుగా నిజామాబాదు నామమును గూర్చిన వాడుకను విచారింపవలెను. తఱచుగా కనబడు కథనమిది: 1905లో సికిందరాబాదునుండి మన్మాడునకు రైలుమార్గము వేయబడెను, అప్పుడు స్టేషనునకు ప్రభువు బిరుదమగు నిజామ్-ఉల్-ముల్కును బట్టి నిజామాబాదని నామకరణము జరిగెను, స్టేషను పేరే క్రమముగా ఊరికి సంక్రమించెను. ఈ కథనము పరిచయగ్రంథములందును పాఠ్యపుస్తకములందును మాఱుమాఱు చదువరులకు తగులుచుండును. కాని ఇందలి మొదటి యంశమే నిలువదు. హైదరాబాదు–గోదావరీలోయ రైలుమార్గమని ప్రసిద్ధి కెక్కిన ఆ మీటరుగేజి మార్గము 1899–1901 సంవత్సరముల నడుమ తెఱవబడినది. 1905 రైలు వచ్చిన సంవత్సరము కాదు. అది హైదరాబాదు రాజ్యమున జిల్లాల యెల్లలను మార్చి కూర్చిన సంవత్సరము. ఆ కూర్పులోనే నిర్మల, నర్సాపురము తాలూకాలు ఇందూరు జిల్లానుండి విడివడి ఆదిలాబాదునకు చేరినవి. మిగిలిన భూభాగము, కొత్తగా కలిసిన తాలూకాలతో కూడి, నిజామాబాదు జిల్లా యైనది.

కాబట్టి మూడు వేర్వేరు సంగతులు ఒక్క వాక్యమున ఇమిడ్చబడినవి: మార్గము తెఱచుట, స్టేషనుకు పేరిడుట, జిల్లాకు పేరు మార్చుట. మొదటిదానికిని మూడవదానికిని నాలుగైదేండ్ల యంతరము కలదు. రెండవది మొదటిదానిని అనుసరించెనా, మూడవదానిని అనుసరించెనా యనునదే విచారణీయాంశము. 1901కిని 1905కును నడుమ అచ్చుపడిన నిజాం రైల్వే వేళాపట్టిక గాని, కంపెనీ వార్షికనివేదిక గాని ఈ తగవును ఒక్క పుటలో తీర్పగలదు. అందు నిజామాబాదని యుండెనేని స్టేషను ముందు, జిల్లా వెనుక. ఇందూరని యుండెనేని ఊరిపేరును మార్చినది రైలు కాదు, రెవెన్యూ దఫ్తరు. ఇట్టి పత్రమును చూపకయే స్టేషను పేరు ఊరి కెక్కెనని దృఢముగా చెప్పుట సాహసము. ఈ మధ్యకాలమున పాతపేరును తిరిగి తేవలెనను వాదములును, కూడదను వాదములును రాజకీయవేదికలపై వినబడుచుండుటచే, ఈ కాలనిర్ణయమునకు వెనుకటికంటె ఎక్కువ ప్రయోజన మేర్పడినది. వాదించువా రుభయులును 1905 నాటి రైలు కథనే చెప్పుచుండుట వింత.

ఈ యెల్లల మార్పు జనసంఖ్యను గూర్చి వ్రాయువారికి సయితము ఉచ్చువంటిది. 1901 జనగణనలోని ఇందూరు జిల్లా వేఱు, 1911 జనగణనలోని నిజామాబాదు జిల్లా వేఱు. 1908లో వెలువడిన ఇంపీరియల్ గెజెటీరు ఈ సంధికాలమున కూర్పబడినదగుటచే, పాతయెల్లల లెక్కలను ఇచ్చి కొత్త యెల్లలను వివరించును. రెండు జనగణనలను ప్రక్కప్రక్కన నుంచి, ఇన్నివేల మంది తగ్గిరని కఱవునకో మహమ్మారికో ఆరోపించువారు ముందుగా ఆ గెజెటీరులోని ఎల్లల వివరమును చదువవలసి యున్నది.

ఇక ఇందూరు శబ్దము. ఇంద్రపురియే ఇందూరైనదనియు, ఆ ఇంద్రుడు 10వ శతాబ్ది ప్రథమపాదమున పాలించిన రాష్ట్రకూట మూడవ ఇంద్రుడనియు వాడుక. దీనికి తోడుగా బోధనులోని ఇంద్రనారాయణ దేవాలయమును చూపుదురు. ఆ యాలయము ఇంద్రవల్లభుని కట్టడమని 11వ శతాబ్దిలో, చాళుక్య త్రైలోక్యమల్లుని కాలమున, వెలసిన బోధను శాసనము వలన తెలియుచున్నది. శాసనము ప్రబలప్రమాణమే. కాని అది బోధనులోని గుడికి ప్రమాణము. అచ్చటికి సుమారు 25 కిలోమీటర్ల దూరముననున్న వేఱొక యూరి పేరునకు కాదు. ఒక యూరి శాసనమును వేఱొక యూరి నామమునకు సాక్షిగా నిలుపుటకు నడుమ నింకొక లింకె కావలెను.

వ్యాకరణమేమి చెప్పును? ఇంద్రశబ్దము ప్రాకృతమున ఇంద యగును. దేశ్యమగు ఊరుశబ్దము పరమైనపుడు, అత్తునకు తెలుగున సంధి బహుళమగుటచే, ఇందూరు సాధువే. కాని ఇంద్రపురి శబ్దమునుండి ఇందూరు నేరుగా రాదు. అజ్మధ్యమందలి పకారము ప్రాకృతమున లోపించి ఇందపురము ఇందఉర మగును. అకార ఉకారములు కలిసి ఇందోర యనునది ఫలించును గాని ఇందూరు కాదు. కాబట్టి ఇంద్రపురి యనునది మూలము కాదు, తెలుగు పేరునకు పండితులు తొడిగిన సంస్కృతవేషము. ఇంతటితో తీరలేదు. ఈతచెట్టునకు ఈదు అను రూపము తెలుగున కలదు. సోదరభాషయగు తమిళమున నిది ఈందు. చింతలూరు, తాడూరు, వేమూరు వంటి వృక్షమూలకనామములు మన దేశమున నెన్నియో యుండగా, ఈందూరు హ్రస్వమై ఇందూరయ్యె నన్నను వ్యాకరణము కాదనదు. ఇట్లు శాస్త్రము ఇంద్రునకును ఈతచెట్టునకును వాకిలి తెఱచి యూరకుండును. లోనికి వచ్చిన దెవ్వరో చెప్పవలసినది శాసనము. శబ్దశాస్త్రము అసాధువును నిరాకరింపగలదు గాని, సాధువైన ప్రతిదానిని చరిత్రము చేయజాలదు. ఈ భేదమును మఱచుటయే గ్రామనామచర్చలలోని దోషములకు ఆకరము.

ఉర్దూ లిపి వలని చిక్కు వేఱు. ఇందూరును ఆ లిపిలో అలిఫు, నూను, దాలు, వావు, రే అను ఐదక్షరములతో వ్రాయుదురు. హ్రస్వాచ్చులకు గుఱుతులు పెట్టుట దఫ్తరు వ్రాతలలో నరుదు. వావు ఊకారమునకును ఓకారమునకును చెల్లును. కావున ఆ యైదక్షరములే హోళ్కరుల ఇందోరునకును చాలును. చదువరి కోరినచో అందోరనియు, ఉందూరనియు చదువవచ్చును. పారసీక, ఉర్దూ పత్రముల సూచికలలో ఈ రెండూళ్లును ఒక్క శీర్షిక క్రింద కలిసిపోవుట కిదియే హేతువు. నిజామాబాదను పేరున వెదకువారికిని ఇట్టి భ్రమయే పొంచియున్నది: ఆజంగఢ్ జిల్లాలో నల్లమట్టి పాత్రలకు ప్రసిద్ధమైన నిజామాబాదు మఱియొకటి కలదు. పత్రమున తాలూకా పేరు, నది పేరు, పొరుగూరి పేరు మూడింటిలో రెండైనను సరిపడినగాని ఆ పత్రము మన యూరిదని గ్రహింపరాదు.

రైలు రాకముందు ఈ సీమలో ప్రయాణికులకు మజిలీ లేవియో తెలిసికొనుటకు తెలుగున నొక అమూల్యసాధన మున్నది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరున తిరిగివచ్చెను. 1838లో అచ్చుపడిన ఆయన కాశీయాత్రచరిత్రము తెలంగాణపు చిన్న యూళ్లకు దినచర్యారూపమైన సాక్ష్యము. ఏ యూర నంగళ్లు కలవు, నీటివసతి యెట్టిది, దిగుటకు చోటున్నదా, బాట మంచిదా చెడ్డదా యని ఆయన వ్రాసికొన్న మాటలు పండితులకు సాహిత్యముగా రుచింపకపోవచ్చును గాని, పరిశోధకునకు గెజెటీరుకంటె విలువైనవి. ఆయన త్రోవ కామారెడ్డిపేట, ఆరుమూరు ప్రాంతముల మీదుగా నిర్మల దిక్కునకు పోవు నాగపురపు బాట. ఇందూరు ఆ బాటకు పడమటగా విడివడి యుండెను.

డెబ్బదేండ్ల తరువాత వచ్చిన రైలు ఈ బాటను కొంతదూరము మాత్రమే అనుసరించి, ఇందల్వాయి దాటిన పిమ్మట డిచ్‌పల్లి మీదుగా పడమటికి తిరిగి ఇందూరును, నవీపేటను, బాసరను తాకి మరాఠ్వాడలో ప్రవేశించెను. ఆరుమూరు, బాలకొండలు పాతబాట నెఱిగినవా రందఱికిని పరిచితములే యైనను రైలు వేళాపట్టికలో చోటు దొరకని యూళ్లయ్యెను. ఆరుమూరునకు రైలు 2017లో పూర్తియైన పెద్దపల్లి–నిజామాబాదు మార్గముతో గాని రాలేదు. నూఱేండ్లకు పైగా వేళాపట్టికను మాత్రమే చూచి ఈ సీమను గూర్చి వ్రాసినవారికి నవీపేట పెద్దదిగను ఆరుమూరు చిన్నదిగను తోచుటలో ఆశ్చర్యము లేదు. స్టేషనుల పట్టిక ఊళ్ల పట్టిక కాదు. ఎత్తుపల్లములను, వంతెనల ఖర్చును, నీటివసతిని చూచి ఇంజనీర్లు నిర్ణయించిన స్థానముల పట్టిక యది.

ఆ స్థానములలో కొన్నిటి పేళ్లు మాత్రము వైయాకరణునకు విందు. కామారెడ్డికిని నిజామాబాదునకును నడుమ ఉప్పల్వాయి, సిర్నాపల్లి, ఇందల్వాయి, డిచ్‌పల్లి యను మజిలీలు కలవు. వీనిలో రెండు వాయి యను నుత్తరపదము కలవి. సంస్కృతమున వాపి, ప్రాకృతమున వావి, తెలుగున బావి. వాయి యనునది ఈ మార్గముననే నడుమ నిలిచిన రూపమని కొందఱు. ద్రావిడభాషలలో నోరు, కాలువమొగము అను నర్థములందు వచ్చు వాయి శబ్దమని కొందఱు. ఉప్పల్వాయి విషయమున మొదటి పక్షమే బలవత్తరము. ఉత్పలశబ్దము ప్రాకృతమున ఉప్పల మగును గదా. ఉత్పలవాపి, అనగా కలువలబావి, రెండు పదములును ఒక్క ప్రాకృతపు టచ్చున పోతపోసినట్లున్నవి. పూర్వపదము ప్రాకృతమై యుత్తరపదము ద్రావిడమనుటకంటె నిది లఘువు. కాని ఇందల్వాయి యందలి పూర్వపదమునకు ఇంత స్పష్టమైన మూలము చూపుట కష్టము; ఉప్పల్వాయి కుదిరినది గదా యని ఇందల్వాయిని కూడ అదే మూసలో పోయరాదు. రోమను లిపిలో ఉప్పల్వాయి పేరున ద్విత్వము పోయి ఉపల్వాయి యైనది. ఆ ద్విత్వలోపమును నమ్మి ఉపల మనగా ఱాయి యని, ఱాళ్లబావి యని వ్యాఖ్యానించువారు బయలుదేరుటకు ఎంతో కాలము పట్టదు!

జానకంపేట మఱియొక యుదాహరణము. నిజామాబాదు దాటగానే వచ్చు ఈ స్టేషనునుండియే బోధను శాఖామార్గము చీలును. సిర్నాపల్లి సంస్థానమును 19వ శతాబ్ది యుత్తరార్ధమునను 20వ శతాబ్ది ప్రారంభమునను పాలించిన శీలం జానకీబాయి పేర నీ యూరు వెలసినదని స్థానికుల వాడుక. రైలుమార్గము సిర్నాపల్లి యడవులలోనుండి పోవుటయు ఆమె పలుకుబడి వలననే యని చెప్పుదురు. శబ్దదృష్టిచే జానకమ్మపేట జానకంపేట యగుట సులభము. అమ్మశబ్దమందలి ద్విరుక్తమకారము పకారము పరమగునపుడు నిండుసున్నగా మిగులును. ఇంతవఱకు నిశ్చయము: ఊరు ఒక జానకమ్మది. ఆ జానకమ్మ ఈ రాణియే యనుటకు సంస్థానపు లెక్కలలో ఆమె కాలమునకు పూర్వము ఆ పేరు లేదని చూపవలెను. మార్గపు వంపును గూర్చిన కథకును ఇదే న్యాయము. కొండలనడుమ రైలు వంపు తిరుగుట రాణి మాటచేతనే కానక్కఱ లేదు. ఏటవాలు చేతను కావచ్చును. రోమను లిపిలో నడిమి అకారము పోయి జాన్కంపేటయైన ఈ పేరు తెలుగు పలకపై మరల జానకంపేటగా నిలుచుట మాత్రము శుభము. ఇట్టి యదృష్టము అన్ని యూళ్లకును పట్టలేదు.

ఈ మార్గముననే వరుసగా నిజామాబాదు, ఫకీరాబాదు, ధర్మాబాదు అను ఆబాదాంతములు మూడు కలవు. ఆబాదనగా పారసీకమున జనముతో సాగుతో నిండిన చోటు. ధర్మశబ్దమునకు ఆబాదు చేర్చుట లాక్షణికుల దృష్టిలో వైరిసమాసమునకు అన్న వంటిది. కాని ఈ సీమ జనుల నోట అది యెన్నడును వైరము పుట్టింపలేదు. 1956 రాష్ట్రపునర్విభజనతో ధర్మాబాదు బొంబాయి రాష్ట్రమున చేరి, 1960లో మహారాష్ట్రమున భాగమైనను, అచ్చటి తెలుగువారి నోట ఆ పేరు తెలుగుపేరే. బాసరను గూర్చి వ్యాసుడు, వ్యాసర, బాసర యను క్రమమును చెప్పుదురు. వకారము బకారమగుట కలదు. వ్యాసశబ్దమునకు రకారమెచ్చటినుండి వచ్చెనో చెప్పువారు లేరు. సరస్వతీక్షేత్రమాహాత్మ్యమునకు ఈ వ్యుత్పత్తి లేకున్నను లోటు లేదు.

డిచ్‌పల్లిని గూర్చి వ్రాయువారు తఱచుగా కొండమీది రామాలయ శిల్పమును వర్ణించి విరమింతురు. ఆ స్టేషనును ఆశ్రయించి 20వ శతాబ్దిలో వెలసిన ఒక జనావాసమును మఱతురు. స్కాట్లండునుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ మెథడిస్టు మిషను పక్షమున 1915లో అచ్చట కుష్ఠరోగులకు ఆసుపత్రిని నెలకొల్పిరి. ఇందూరి సంపన్నుడు రాజా నర్సాగౌడు దానికి ఉదారముగా విరాళ మిచ్చెను. ఊరివారు వెలివేసిన రోగులు ఇక్కడ ఇండ్లు, పని, ప్రార్థనాలయము గల యొక యూరుగా బ్రదికిరి. 1932లో ఇసబెల్ కెర్ మరణించునాటికి ఆ ఆసుపత్రి పేరు దేశాంతరములందును వినబడుచుండెను. ఈ జనుల యునికి రెవెన్యూ లెక్కలలో ప్రత్యేకగ్రామముగా దొరకదు. వేళాపట్టికలో స్టేషను పేరుగా మాత్రమే తోచును. వివరము మిషను నివేదికలలో నున్నది. ఏ దఫ్తరును ఒంటిగా చదివినను ఈ యూరు కనబడదు. స్టేషను, గుడి, ఆసుపత్రి మూడును ఒక్క పేరు ధరించి మూడు వేర్వేరు సంఘములను సూచించుచున్నవి.

బోధను నామము ఈ సీమలోనెల్ల ప్రాచీనమైనది, కావున దానిపై కల్పితములును ఎక్కువ. ఉపదేశార్థకమగు బోధనశబ్దమే ఊరిపేరని కొందఱు. భీముడు బకాసురుని వధించిన ఏకచక్రపుర మిదియేయని కొందఱు. ఏకచక్రమును తమదిగా చెప్పుకొను స్థలము వంగదేశమునను కలదు. బోధనశబ్దవాదమును నిరాకరించుటకు పూర్వరూపములే చాలును. పాలీవాఙ్మయమున అశ్మకరాజధాని పోతన లేక పోతలి. మహాభారతమున అశ్మకుడు నిర్మించినది పౌదన్యము. జైనసంప్రదాయమున బాహుబలి పురము పౌదనము. వేములవాడ చాళుక్యుల శాసనమున యుద్ధమల్లుడు ఏనుగులను తైలమున స్నానమాడించిన పట్టణము పోదనము. ఇన్నిటను మొదటి యక్షరము పకారమే. దకారమో తకారమో గాని మహాప్రాణమగు ధకార మెచ్చటను లేదు. అశ్మకశబ్దము పాణిని యెఱిగినదే, అష్టాధ్యాయి 4.1.173 సూత్రమున దానికి ఇఞ్ ప్రత్యయము విధింపబడినది. అంతటి పాతదేశపు రాజధానికి ధకారముతో కూడిన ఆధునికరూపమును బట్టి అర్థము చెప్పుట మనుమని చూచి తాతకు పేరు పెట్టుట వంటిది.

పకారము బకారమెట్లయ్యెను? తెలుగున ద్రుతప్రకృతికముల మీది పరుషములు సరళములగుట నిత్యవ్యవహారము. వాక్యమధ్యమున పోదన బోదనగా వినబడుట స్వభావసిద్ధము. ఆ విన్నదానినే ఉర్దూ లేఖకులు ఊరిపేరుగా వ్రాసికొని యుందురనుట సంభావ్యము. ధకారము కడపటి యలంకారము. బోధనునందలి దేవల్ మసీదు, తుగ్లకుల కాలపు శాసనములు ఊరి మధ్యయుగచరిత్రమునకు సాధనములు. ఆ చర్చ ఇచట అప్రస్తుతము.

ఇంత ప్రాచీనమైన బోధను ప్రక్కననే యున్న శక్కర్‌నగరు 20వ శతాబ్ది సృష్టి. మంజీరపై అచ్చంపేట యొద్ద 1923లో ప్రారంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము నీటిచే బోధను, బాన్సువాడ, వర్ని ప్రాంతములు చెఱకుపొలములాయెను. నవాబు అలీ నవాజ్ జంగు ఆ నిర్మాణమునకు ప్రధానశిల్పి. 1937లో నిజాం చక్కెరకార్ఖానా వెలసెను. దానిని ఆశ్రయించి పుట్టిన కాలనీయు, శాఖామార్గమందలి స్టేషనును శక్కర్‌నగరు పేర ప్రసిద్ధమైనవి. ఈ పేరు విదేశీయమని ఈసడించువారు కొంచెము నిదానింపవలెను. సంస్కృత శర్కరాశబ్దము ప్రాకృతమున సక్కర యై, పారసీకమునకు పోయి షకర్ యై, ఉర్దూ మూలమున శక్కర్‌గా పుట్టినింటికి మరలినది. తెలుగు చక్కెర దానికి తోబుట్టువు. నగరశబ్దము సంస్కృతమే. రూపమున యవనవేషము, కులమున స్వదేశీయము. ఆ కార్ఖానా ఆసియాలోనెల్ల పెద్దదను మాట కూడ తఱచు వినబడును. ఏ సంవత్సరపు లెక్కను బట్టి, ఎన్ని టన్నుల చెఱకును బట్టి యని చెప్పక ఆ వాక్యమును తిరిగి తిరిగి అచ్చువేయుట కేవలము స్తుతిపాఠము.

నిజాంసాగరమునకు మఱియొక ముఖమున్నది. జలాశయము క్రింద నలువదికి పైగా గ్రామములు ఖాళీ చేయబడినవి. కాలువల నీటిచే పచ్చబడిన యూళ్లను గూర్చి వ్రాతలు విరివిగా కలవు. నీట మునిగిన యూళ్లను గూర్చి స్వల్పము. ఇచటనే పరిశోధకునకు రెవెన్యూ పరిభాష పరిచయము కావలెను. హైదరాబాదు రాజ్యపు లెక్కలలో జనశూన్యగ్రామమును బేచిరాగు అందురు. దీపము లేని దని యర్థము. ఊరిలో దీపము వెలుగకున్నను దాని పేరు, పొలిమేర, సర్వేనంబర్లు లెక్కలో నిలిచియుండును. మునిగిన యూరు ఇట్టిది కాదు. పేరుతోపాటు పొలిమేరయు నీటిపాలగును. ఈ రెంటిని కలిపి పాడుపడిన గ్రామములని వ్రాయుట గొప్ప ప్రమాదము. బేచిరాగున కఱవో, మహమ్మారియో, దోపిడియో కారణము కావచ్చును. మునిగిన గ్రామమునకు కారణము ప్రభుత్వపు టుత్తరువు. కారణము వేఱైనపుడు వెదకవలసిన కాగితమును వేఱే: ఒకదానికి జమాబందీ, మఱియొకదానికి భూసేకరణపు దస్త్రము, అంగుళమునకు మైలు చొప్పున వ్రాయబడిన పాత సర్వే పటము. జాగీరు గ్రామములైనచో ఈ లెక్కలు దివానీ దఫ్తరున ఉండవు. 1949లో జాగీర్లు రద్దగువఱకు ఆ కాగితములు జాగీర్దారు కచేరీలవే.

దీనికి సరిగా తలక్రిందైనది క్యాంపుల స్థితి. నిజాంసాగరపు కాలువలు వచ్చిన పిదప గుంటూరు, కృష్ణా మండలములనుండి రైతులు వచ్చి, బోధను, కోటగిరి, వర్ని ప్రాంతములలో భూములు కొని గుడిసెలు వేసికొనిరి. ఆ గుడిసెల గుంపులకు క్యాంపు అను నాంగ్లశబ్దము వచ్చి, సాలూర క్యాంపు వలె మూలగ్రామనామముపై ఉత్తరపదమై నిలిచినది. రెండు మూడు తరములు గడచినను, మిద్దెలు లేచినను, బడులు గుడులు వెలసినను పేరు మాత్రము తాత్కాలికశిబిరపు పేరే. బేచిరాగున లెక్కయుండి జనము లేరు. క్యాంపున జనముండి లెక్క లేదు. రెవెన్యూ దఫ్తరున నివి చాలకాలము మూలగ్రామపు శివారులుగా, మజరాలుగా మాత్రమే చెల్లినవి. సిర్నాపల్లి, గాంధారి యడవులయందలి లంబాడీ తండాలకును ఇదియే గతి. 2018 పంచాయతీరాజ్ చట్టముతో తండాలకును శివారుపల్లెలకును పెక్కింటికి ప్రత్యేకపంచాయతీలు వచ్చినవి. ఆ సంవత్సరమునకు పూర్వపు పట్టికలను మాత్రమే చూచి ఈ యూళ్లు కొత్తగా పుట్టినవని భావిచరిత్రకారులు వ్రాయకుండుటకు ఇప్పుడే సాక్ష్యము కూర్చవలసి యున్నది. శక్కర్‌నగరు విషయమున తొందర మఱింత యెక్కువ. 2002లో కార్ఖానాలో పెద్దభాగము ప్రైవేటు చేతులకు పోయి, 2015 డిసెంబరున పని నిలిచినది. కాలనీ కుటుంబములు పెక్కులు చెదరిపోయినవి. స్టేషను పేరు మాత్రమే తెలిసినవారికి అచ్చట ఒక యూరుండె నని తెలియదు.

ఈ విషయమున సాహిత్యపత్రములు చేయు మేలును సామాన్యులు గుర్తింపరు. నిజాం రాజ్యమున తెలుగు కవులు లేరను మాటకు ప్రత్యుత్తరముగా సురవరము ప్రతాపరెడ్డి 1934లో వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులకు స్థానము దొరకినది. దానిని కవిత్వసంకలనముగనే చదివిరి గాని, గ్రామనామకోశముగా చదివినవారు తక్కువ. కవులతోపాటు వారి నివాసగ్రామములను పేర్కొనుటచే, పట్టికల కెక్కని పల్లెల పేళ్లు తెలుగక్షరములలో, ఆ యూళ్లవారి నోటనున్న రూపమున, మనకు దక్కినవి. హ్రస్వదీర్ఘములు, ళకారణకారములు, ద్విత్వములు చెక్కుచెదరని ఈ రూపములు ఉర్దూ దఫ్తరుకంటెను, రోమను వేళాపట్టికకంటెను ప్రబలప్రమాణములు. లక్ష్మణరాయ పరిశోధకమండలివారు 1935లో ప్రకటించిన తెలంగాణా శాసనములను దానితో జోడించి చదివినచో, ఒక్కొక్క పేరునకు రెండు తుదలును చేతికి దొరకును.

పాఠశాలా పండితుల చేతిలో నింకొక సాధనమున్నది. పాతబడుల ప్రవేశపుస్తకములలో బాలుని పేరుతోపాటు తండ్రిపేరు, పుట్టినయూరు వ్రాయుదురు. నిజాంసాగరమునకు ముందు పుట్టి, తరువాత వేఱొక యూర తమ పిల్లలను బడిలో వేసిన తలిదండ్రుల మునిగిన గ్రామముల పేళ్లు ఈ పుటలలో తగులవచ్చును. పూర్వపు పుస్తకములు పెక్కు ఉర్దూలోనున్నవి. ఉర్దూ చదువ నేర్చిన యుపాధ్యాయులు ఏటేట తగ్గుచున్నారు. వర్ని, కోటగిరి, రుద్రూరు, ఎడపల్లి బడులలో ఈ పుస్తకములు చెదలపాలు కాకమునుపే పేళ్లను ఎత్తి వ్రాయవలెను. వ్రాయునపుడు మొదట మూలలిపిలోని యక్షరములను ఉన్నవి యున్నట్లు, పిదప ప్రవేశసంవత్సరము, పిదప తెలుగురూపము. తెలుగురూపమును ఆ యక్షరములనుండి ఊహింపక, ఆ యింటి వృద్ధులను పలికించి గ్రహింపవలెను. వారి పలుకునకును లేఖకుని వ్రాతకును భేదమున్నచో రెంటిని ప్రక్కప్రక్కన నుంచి, ఏదియు దిద్దక విడువవలెను.